పుప్పొడి బతికుందో లేదో చూసేదెలా?

(అమలాపురంలో మామిడి, కొబ్బరి రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ రోజు మనం మాట్లాడుకునేదంతా కంటికి ఆనని వస్తువు గురించి. వెనక కూర్చుంటే అదీ కనబడదు, నేనూ కనబడను.

జనవరి నెల. మామిడి పూత మీద ఉంది. ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. కిందటి ఏడాది చెట్టు నిండా పూసి, కాయ మాత్రం నిలవనివారు ఎంతమంది? సరే, సగం సభ చేతులెత్తింది. రెండో ప్రశ్న. కాయ ఎందుకు నిలవలేదు? మంచు అంటున్నారు, తేనెమంచు పురుగు అంటున్నారు, బూడిద తెగులు అంటున్నారు. ఇంకా? ఆఁ, అదిగో, ఆ మాట కోసమే చూస్తున్నాను. ‘పుప్పొడి చచ్చిపోయిందండి’ అన్నారు. మంచిది. మీకు ఎవరు చెప్పారు? మందుల కొట్టులో చెప్పారా? ఆయన చూశారా? చూడలేదు. మీరు చూశారా? మీరూ చూడలేదు. చచ్చిపోయిందని ఒకరు, సరే అని ఇంకొకరు, దానికి ఒక సీసా మందు. ఆ సీసా ఖరీదులో సగం పెట్టి ఒక పూట కూర్చుంటే అది చచ్చిందో బతికుందో మీరే చూడవచ్చు. ఈ గంటలో నేను చెప్పేది అంతే. పుప్పొడి మీద నేరం మోపే ముందు దాన్ని ఒకసారి చూడండి. ఎలా చూడాలి, చూసిన తరవాత ఏమనుకోవాలి, ఇదే విషయం.

ఇక్కడ మామిడి పూత గుత్తులు తెచ్చాను. చేతిలోకి తీసుకుని పక్కవాళ్లకు అందించండి, దులపకండి. ఒక గుత్తిలో వందల పూలుంటాయి, కొన్ని రకాల్లో వెయ్యి దాటతాయి. అందులో కొన్ని మగ పూలు, కొన్ని ద్విలింగ పూలు. ద్విలింగ పువ్వు అంటే మధ్యలో చిన్న పసుపు ఉండ, అంటే అండాశయం, ఉన్నది. ఆ ఉండ లేనిది మగ పువ్వు. పుప్పొడి రెండింటిలోనూ ఉంటుంది.

ఇప్పుడు కేసరాలు, అంటే పుప్పొడి మోసే సన్నటి కాడలు, చూడండి. మామిడి పువ్వుకు అయిదు కేసరాలు ఉండాలి. కానీ పనికొచ్చేది సాధారణంగా ఒకటి, ఎప్పుడైనా రెండు. మిగిలినవి పేరుకే కేసరాలు, వాటి నుంచి పుప్పొడి రాదు. అంటే ఏమిటి? మామిడికి మొదటి నుంచే పుప్పొడి తక్కువ. ఇది మామిడి స్వభావం, జబ్బు కాదు. చాలామంది అయిదింట్లో నాలుగు ఎండిపోయి ఉన్నాయని చూసి బెంబేలు పడతారు. పడకండి. ఆ ఒక్కటీ బాగుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ ఒక్క కేసరం కొసన ఉన్న పుప్పొడి తిత్తి, అంటే పరాగకోశం, విచ్చుకోక ముందు గులాబీ రంగులో ఉంటుంది. ఎండ తగిలాక, పొద్దున ఎనిమిది తొమ్మిది మొదలు మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. అప్పటికి ఊదా రంగుకు తిరుగుతుంది. మబ్బు పట్టినా, మంచు విడవకపోయినా ఇది ఆలస్యమవుతుంది. కాబట్టి పొద్దున ఏడింటికి తోటకు వెళ్లి ‘పుప్పొడి లేదు’ అని తిరిగొస్తే తప్పు చెట్టుది కాదు.

పరీక్షకు పుప్పొడి ఎలా తీసుకోవాలి? విచ్చుకుని గాలికి ఉన్న పువ్వు నుంచి తీసుకోకండి. అది ఎప్పుడు విచ్చుకుందో, ఎన్ని ఈగలు దాని మీద తిరిగాయో మనకు తెలియదు. ముందు రోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకునేలా ఉన్న మొగ్గలున్న కొమ్మలు కోసి ఇంటికి తెచ్చి నీళ్లలో పెట్టండి. తెల్లారాక గులాబీ రంగు పరాగకోశాలను సూదితో శుభ్రమైన కాగితం మీదికి దులిపి, ఫ్యాను లేని చోట, మామూలు బల్బు కింద ఉంచండి. విచ్చుకుంటాయి. అది తాజా పుప్పొడి. నాలుగైదు చెట్ల నుంచి తీసుకోండి, ఏ చెట్టుది ఆ చెట్టుకు విడిగా ఉంచండి. తోటంతా ఒక పొట్లంలో కలిపేస్తే ఆ తరవాత ఏ చెట్టు సంగతీ తెలియదు.

ఇక పరీక్షలు. రెండు దారులున్నాయి. ఒకటి రంగు వేసి చూడడం. రెండోది మొలకెత్తించి చూడడం. కాలేజీల్లో మొదటిదే ఎక్కువ చేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది, రికార్డు పుస్తకంలో ఎర్రటి బొమ్మ అందంగా వస్తుంది, మార్కులు పడతాయి. పిల్లలు నవ్వుతున్నారు, తెలుసన్నమాట.

రంగుల్లో మన కాలేజీలన్నింటికీ తెలిసినది ఎసిటోకార్మిన్. కార్మిన్ అనే ఎర్ర రంగు ఒక పురుగు నుంచి వస్తుంది. దాన్ని పలచన చేసిన ఎసిటిక్ ఆమ్లంలో మరిగించి వడకడతారు. పుప్పొడి మీద ఒక చుక్క వేస్తే, లోపల జీవపదార్థం నిండుగా ఉన్న రేణువు ఎర్రగా, గుండ్రంగా కనబడుతుంది. తాలు రేణువు ముడతలు పడి, రంగు పట్టకుండా ఉండిపోతుంది. ఎర్రటివి లెక్కపెట్టి, నూటికి ఎనభై బతికున్నాయి అని రాసేస్తారు.

ఇక్కడ ఆగుదాం. నూటికి ఎనభై బతికున్నాయా? ఎవరన్నారు? రంగు పట్టాయి, అంతే. బతికున్నాయని రంగు చెప్పలేదు. అనుమానం ఉంటే ఒక పని చేయండి. ఆ పుప్పొడిలోనే కాస్త తీసి, ఓవెన్లో 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. అది చస్తుంది, అందులో సందేహం లేదు. ఇప్పుడు దాని మీద అదే ఎసిటోకార్మిన్ వేయండి. ఎర్రబడుతుంది! చచ్చిన పుప్పొడీ ఎర్రబడుతుంది. ఎందుకంటే ఆ రంగు చూసేది లోపల సరుకు ఉందా లేదా అని. సరుకుకు ప్రాణం ఉందా అని కాదు.

అలాగని రంగు పరీక్ష పనికిరాదని కాదు. తాలు ఎంత అన్నది అది చక్కగా చెబుతుంది. అలెగ్జాండర్ అనే ఆయన 1969లో ఒక మిశ్రమ రంగు తయారు చేశాడు. అందులో మాలకైట్ గ్రీన్ రేణువు గోడకు పడుతుంది, యాసిడ్ ఫ్యూక్సిన్ లోపలి జీవపదార్థానికి పడుతుంది. తాలు రేణువు ఆకుపచ్చగా, నిండు రేణువు ఎర్ర ఊదాగా వేరువేరుగా తేలతాయి. మొగ్గ దశలోనే పుప్పొడి చెడిపోయిందా అన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు ఇస్తుంది. నిన్న బాగుండి ఇవాళ చచ్చిందా అన్నదానికి ఇవ్వదు.

ప్రాణం సంగతి అడగాలంటే ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి టెట్రజోలియం. రంగులేని లవణం. బతికున్న కణంలో శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైములు దాన్ని ఎర్రగా మారుస్తాయి. చీకట్లో కొన్ని గంటలు ఉంచాలి. దీన్ని కూడా చంపిన పుప్పొడితో పక్కపక్కన పెట్టి చూశాకే నమ్మాలి. రెండోది హెస్లాప్-హారిసన్ దంపతులు 1970లో చెప్పిన పద్ధతి. ఫ్లోరసీన్ డైఎసిటేట్ అనే పదార్థం రేణువు లోపలికి వెళ్తుంది, అక్కడి ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి, మెరిసే పదార్థం బయటపడుతుంది. కణపొర చెక్కుచెదరకుండా ఉంటే ఆ మెరుపు లోపలే నిలుస్తుంది, పొర చిరిగి ఉంటే కారిపోతుంది. అంటే ఎంజైము, పొర రెండూ బాగున్నాయని ఒక్క చూపులో తెలుస్తుంది. రంగులన్నింటిలో నాకు నమ్మకం దీని మీదే. కానీ దానికి వేరే మైక్రోస్కోపు కావాలి, అది మన దగ్గర లేదు. ముందుకు వెళ్దాం.

మీరంతా వరి పండించినవాళ్లు. నారు పోసే ముందు విత్తనం మంచిదో కాదో ఎలా చూస్తారు? గింజ పసుపు నిగనిగ చూసి పోసేస్తారా? పోయరు. గుప్పెడు నానబెట్టి, మండె కట్టి, ఎన్ని మొలిచాయో చూస్తారు. పుప్పొడికీ సరిగ్గా అదే చేయాలి. మొలిపించాలి. అండాశయం మీద నిలబడ్డ కాడ కీలం, దాని కొన కీలాగ్రం. కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు చేసే పని ఏమిటి? ఒక సన్నటి గొట్టం, పరాగ నాళం, బయటికి తీసి కీలం లోపలి నుంచి అండం దాకా వెళ్లడం. ఆ పని అది చేయగలదా అన్నది మనకు కావాలి. దాని రంగు మనకెందుకు?

మొలిపించడానికి ఏం కావాలి? ఉత్త నీళ్లు పనికిరావు. ఉత్త నీళ్లలో వేస్తే రేణువు నీళ్లు పీల్చి ఉబ్బి పగులుతుంది. పూత మీద వాన పడితే జరిగేది అదే. కాబట్టి పంచదార కావాలి. పంచదార ఉంటే నీళ్లు లోపలికి దూసుకురావు, అది నాళానికి ఆహారమూ అవుతుంది. దానితో పాటు కాస్త బోరాన్, కాస్త కాల్షియం.

కాల్షియం సంగతి ఒక చిన్న కథ, చెప్పనివ్వండి. పుప్పొడి మీద పనిచేసేవాళ్లకు చాలాకాలం ఒక చిక్కు ఉండేది. చుక్కలో రేణువులు గుంపుగా ఉంటే బాగా మొలుస్తాయి, పలచగా వేస్తే మొలవవు. ఎందుకు? ఒకదానికొకటి ధైర్యం చెప్పుకుంటాయా? హవాయిలో బ్రూబేకర్, క్వాక్ అనే ఇద్దరు దీన్ని పట్టుకుని, 1963లో జవాబు రాశారు. గుంపులో ఉన్న రేణువుల నుంచి కారే కాల్షియమే ఆ తేడాకు కారణం. ద్రవంలో కాల్షియం మనమే కలిపితే ఒంటరి రేణువు కూడా మొలుస్తుంది. అప్పుడు వాళ్లు తయారు చేసిన ద్రవాన్నే ఈ రోజుకూ ప్రపంచమంతా వాడుతోంది. అన్నట్టు, సుబాబుల్ వేసినవాళ్లు ఇక్కడ ఉన్నారా? కె-8 రకం విన్నారు కదా. ఆ హవాయి సుబాబుల్ రకాల వెనక ఉన్న బ్రూబేకర్ ఈయనే.

ఆ ద్రవం పాళ్లు రాసుకోండి. లీటరు నీటికి పంచదార 100 గ్రాములు, బోరిక్ ఆమ్లం 100 మిల్లీగ్రాములు, కాల్షియం నైట్రేట్ 300, మెగ్నీషియం సల్ఫేట్ 200, పొటాషియం నైట్రేట్ 100 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాములు తూచే త్రాసు మన ఇళ్లలో ఉండదు. దానికి ఉపాయం ఉంది. నాలుగు సీసాలు తీసుకోండి. ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల నీళ్లు. మొదటిదాంట్లో బోరిక్ ఆమ్లం ఒక గ్రాము, రెండోదాంట్లో కాల్షియం నైట్రేట్ మూడు గ్రాములు, మూడోదాంట్లో మెగ్నీషియం సల్ఫేట్ రెండు గ్రాములు, నాలుగోదాంట్లో పొటాషియం నైట్రేట్ ఒక గ్రాము. పరీక్ష రోజున వేరే గ్లాసులో పది గ్రాముల పంచదార వేసి, నాలుగు సీసాల నుంచి ఇంజెక్షను సిరంజితో ఒక్కో మిల్లీలీటరు తీసి వేసి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేదాకా నీళ్లు పోయండి. లెక్క సరిపోతుంది, కావాలంటే ఇంటికెళ్లి చూసుకోండి. నాలుగూ ముందే ఒకే సీసాలో కలిపి ఉంచకండి, అడుగున తెల్లగా పేరుకోవచ్చు.

నీళ్లు అన్నాను. ఏ నీళ్లు? ఇక్కడ కూర్చున్నవారిలో అంతర్వేది వైపు నుంచి, ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చినవారు ఉన్నారు. మీ ఉప్పు బోరు నీళ్లతో ఈ పరీక్ష చేస్తే పుప్పొడి తప్పు లేకుండానే చస్తుంది. ఉప్పు ద్రవం చిక్కదనాన్ని మార్చేస్తుంది. ఇన్వర్టరుకు పోసే బ్యాటరీ నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ అని అమ్ముతారే, అవి కొనండి. కుళాయి నీళ్లు కూడా వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. బోరిక్ పౌడరు అంటే క్యారమ్ బోర్డు మీద చల్లేది కాదా అని ఒక అబ్బాయి ఇందాక అడిగాడు. పేరు అదే కానీ ఆ డబ్బాల్లో ఇంకేం కలుపుతారో మనకు తెలియదు. కాలేజీ ప్రయోగశాలకు సరుకు ఇచ్చే కొట్టులో అడగండి.

ఇప్పుడు చేసే పద్ధతి. కవర్‌స్లిప్ అనే పలచటి గాజు ముక్క మీద ఒక చుక్క ద్రవం. సూది మొనకు కాస్త పుప్పొడి అంటించి దాని మీద తాకించండి. చిటికెడు వేస్తే ముద్ద కడుతుంది, ముద్దలో ఏదీ లెక్కపెట్టలేరు. కవర్‌స్లిప్‌ను తిరగేసి, మధ్యలో గుంట ఉన్న స్లైడు మీద పెట్టండి. చుక్క కిందికి వేలాడుతూ ఉంటుంది. గుంట స్లైడు లేకపోతే మామూలు స్లైడు మీద వ్యాజిలిన్‌తో గుండ్రంగా గోడ కట్టండి, సరిపోతుంది. మూత ఉన్న డబ్బాలో తడి గుడ్డ పరిచి, దాని మీద రెండు పుల్లలు పెట్టి, వాటి మీద స్లైడు ఉంచండి. చుక్క ఎండకూడదు. ఎండితే పంచదార చిక్కబడి మొలక ఆగిపోతుంది. డబ్బాను నీడలో, మన గది వేడిలోనే ఉంచండి. మన జనవరి మధ్యాహ్నం దీనికి బాగానే ఉంటుంది, ఏసీ గదిలో మాత్రం పెట్టకండి. గంట గడిచాక ఒకసారి, మూడు గంటలు గడిచాక ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి.

పది శాతం పంచదార అన్నాను కదా, అది అన్ని చెట్లకూ సరిపోదు. ఒక్కో చెట్టు ఒక్కో పాకం కోరుతుంది. అయిదు, పది, పదిహేను, ఇరవై, ఇలా నాలుగు గ్లాసులు చేసి, దేనిలో బాగా మొలిస్తే దాన్ని ఆ చెట్టుకు ఖాయం చేసుకోండి. మామిడి కొంచెం మొండిది. తొలి ప్రయత్నంలో ఒక్కటి కూడా మొలవకపోవచ్చు. అంతమాత్రాన చెట్టును అనకండి. మొలవకపోతే అనుమానించాల్సిన వరస ఇది. ముందు నీళ్లు, తరవాత పాకం, తరవాత పుప్పొడి ఎంత పాతది, అన్నీ అయ్యాక చెట్టు. పెరట్లో నందివర్ధనమో, ఇంకేదైనా పువ్వో ఉంటే దాని పుప్పొడి కూడా అదే ద్రవంలో వేయండి. ఏ పువ్వు మీ ద్రవంలో తేలిగ్గా మొలుస్తుందో ఒకసారి తెలిస్తే, అది మీకు సాక్షి. సాక్షి మొలిచి మామిడి మొలవకపోతే అప్పుడు మాట్లాడదాం.

ఏది మొలిచినట్టు? చిన్న బుడిపె రాగానే మొలిచిందని రాయకూడదు. నాళం పొడవు రేణువు వ్యాసాన్ని దాటితేనే మొలిచినట్టు లెక్క. ఇది చాలామంది పాటించే నియమం. పగిలి లోపలి పదార్థం కక్కేసిన రేణువులు కొన్ని తోకలా కనబడి మోసం చేస్తాయి. వాటికి అంచు ఉండదు, నాళానికి రెండు పక్కలా గీత గీసినట్టు అంచు ఉంటుంది. పగిలినవాటిని వేరే వరసలో రాయండి, పారేయకండి. పగిలినవి ఎక్కువైతే పాకం పలచనైందని అర్థం.

ఇప్పుడు లెక్కపెట్టడం. నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైనది ఇదొక్కటే. ద్రవం ఎవరైనా కలుపుతారు. లెక్క దగ్గరే మనిషి జారిపోతాడు. ఎలా? మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే చెయ్యి తనంతట తానే స్లైడును జరిపి, బాగా మొలిచిన చోట ఆపుతుంది. పొడుగ్గా నాళాలు అల్లుకుని ఉన్నాయి, చూడముచ్చటగా ఉంది, అక్కడ లెక్కపెడతాం. ఎనభై శాతం! పక్కన నాలుగు తాలు రేణువులు పడి ఉన్న చోటును దాటేస్తాం. ఇది దొంగతనం కాదు, ఎవరూ కావాలని చేయరు. కానీ చేసేది అందరూ. దీనికి మందు, చూడకుండా జరపడం. కన్ను తీసేసి, స్లైడును కాస్త జరిపి, అప్పుడు కన్ను పెట్టండి. ఎక్కడ ఆగితే అక్కడ కనబడిన ప్రతి రేణువునూ లెక్కపెట్టండి. మొలిచినవి, మొలవనివి, పగిలినవి. వీలైతే ఏ చెట్టు పుప్పొడో తెలియని మనిషి చేత లెక్కపెట్టించండి. ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉంటే ఆమెకంటే మంచి మనిషి దొరకదు. మీ తోట మీద ఆమెకు ఆశా లేదు, కోపమూ లేదు.

ఎన్ని లెక్కపెట్టాలి? వంద చాలా? వంద లెక్కపెట్టి యాభై మొలిచాయనుకోండి. అసలు సంఖ్య నలభై నుంచి అరవై దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అదే నాలుగు వందలు లెక్కపెట్టి సగం మొలిస్తే, నలభై అయిదు నుంచి యాభై అయిదు లోపు అని నమ్మకంగా చెప్పవచ్చు. గణితం చదివిన పిల్లలు దీన్ని ఇంట్లో లెక్కవేసి చూడండి. అంటే ఒక చెట్టు 52, ఇంకో చెట్టు 47 అని వంద రేణువుల లెక్క మీద వాదించుకోవడం అనవసరం. అక్కడ తేడా ఏమీ లేదు. 60కి, 15కి మధ్య ఉన్నదే తేడా అంటే.

సరే, సంఖ్య వచ్చింది. నలభై శాతం. మంచిదా చెడ్డదా? ఇక్కడే మన మందుల కొట్టాయన మళ్లీ వస్తాడు. ‘నలభయ్యేనా, అరవై చచ్చాయి కదా’ అంటాడు. నలభై చాలదని ఎవరన్నారు? మామిడి పువ్వులో అండం ఒక్కటే. ఒక్క కాయకు ఒక్క టెంక. ఒక్క మంచి నాళం దిగితే పని అయిపోతుంది. పైగా మామిడి గుత్తిలో నూటికి ఒక పువ్వు కూడా కాయగా కోతకు రాదు. మంచి ఏడాదిలోనూ అంతే. గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే మనం పండగ చేసుకుంటాం. కాబట్టి మామిడిలో పుప్పొడి నలభై శాతం మొలుస్తోందంటే కాయ నిలవకపోవడానికి కారణం వేరే చోట వెతకండి.

సీతాఫలం వేరు. దాని పువ్వులో అండాశయాలు బోలెడు, అన్నీ కలిసి ఒక పండవుతాయి. పండు మీద కనబడే ఒక్కో కన్ను ఒక్కో అండాశయం. ఎక్కడ పుప్పొడి అందలేదో అక్కడ కన్ను ఎదగదు, పండు వంకర తిరుగుతుంది. పైగా అందులో కీలాగ్రం ముందు సిద్ధమవుతుంది, అదే పువ్వు పుప్పొడి తరవాత రాలుతుంది. చిన్న చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోయాలి. అందుకే సీతాఫలంలో బ్రష్షుతో చేతి పరాగసంపర్కం చేస్తారు. అక్కడ పుప్పొడి నాణ్యత పండు ఆకారంలోనే కనబడుతుంది.

అరటి గురించి ఒక్క మాట. రావులపాలెం వాళ్లు నా వైపు చూస్తున్నారు. మీకు ఈ బెంగ లేదు. మనం తినే అరటి రకాల్లో చాలా వాటికి క్రోమోజోములు మూడు సెట్లు, సెట్టుకు 11 చొప్పున మొత్తం 33. వాటి పుప్పొడి దాదాపు గొడ్డుదే. గొడ్డుది కాబట్టే పండులో గింజ లేదు. మీ పుప్పొడి బాగుపడాలని ఎవరూ కోరుకోకండి.

ఇప్పుడు కొబ్బరికి వద్దాం. కోనసీమలో కూర్చుని కొబ్బరి మాట చెప్పకుండా వెళ్తే దారిలో ఆపుతారు. కొబ్బరిలో పుప్పొడి ఆరోగ్యం అన్నది పుస్తకం మాట కాదు, వ్యాపారం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ సంకరం మీకు తెలుసు. తూర్పు కోస్తా పొడుగు రకం తల్లి, గంగబొండం తండ్రి. ఈ సంకరాల చరిత్ర పాతదే, 1932లో నీలేశ్వరంలో పటేల్ అనే శాస్త్రవేత్త పొడుగు, పొట్టి రకాలను కలపడంతో దేశంలో మొదలైంది. ఇలాంటి విత్తనం తయారు చేయాలంటే ఏం చేస్తారు? తల్లి చెట్టు ఎక్కి, పూగుత్తిలో మగ పూలన్నీ తీసేసి, ఆడ పూలకు సంచి కట్టి, తండ్రి చెట్టు పుప్పొడి తెచ్చి చల్లుతారు. ఆ పుప్పొడి ముందే తీసి పెట్టింది. మగ పూలు కోసి, నలిపి, 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, జల్లెడ పట్టి, టాల్కమ్ పొడిలో కలిపి, సీసాలో నింపుతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆరబెట్టే రోజున వేడి ఎక్కువైంది. లేదా సీసా రెండు రోజులు ఎండలో బండి మీద ఉండిపోయింది. లోపల పొడి చూడడానికి అలాగే ఉంది, పసుపు రంగులోనే ఉంది. చెట్టు ఎక్కే మనిషికి కూలి ఇచ్చారు, సంచి కొన్నారు, చల్లారు. కొన్ని వారాలకు పిందెలు రాలాయి. ఎవరి మీద పడతారు? చెట్టు ఎక్కినవాడి మీద! సీసా నింపే ముందు ఒక చుక్క ద్రవంలో వేసి చూస్తే సాయంత్రానికి తేలిపోయేది. కొబ్బరి పుప్పొడి మామూలు గది గాలిలో కొద్ది రోజులే బతుకుతుంది. బాగా ఆరబెట్టి, గాలి తీసి, చల్లగా దాచితేనే నెలలు ఆగుతుంది. అందుకని విత్తన తోటల్లో సీసా మీద రెండు అంకెలు ఉండాలి. తీసిన తేదీ, మొలక శాతం. రెండోది లేని సీసాను నేనైతే చెట్టు మీదికి పంపను.

మామూలు తోటలో పిందె రాలితే మాత్రం పుప్పొడిని తిట్టకండి. మన పొడుగు కొబ్బరిలో మగ పూలు ముందు విచ్చి అయిపోతాయి, ఆడ పూలు తరవాత సిద్ధమవుతాయి. పక్క చెట్టు పుప్పొడి గాలికో, తేనెటీగతోనో రావాల్సిందే. కోనసీమలో పక్క చెట్లకు కొరత లేదు. పిందె రాలడానికి నీటి ఎద్దడి, పోషకాల లోపం, పురుగు, తెగులు, ఇవన్నీ వరసలో ముందున్నాయి.

మళ్లీ మామిడి. పుప్పొడిని చంపేవి ఏమిటి? చలి ఒకటి. మొగ్గ దశలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగితే మామిడి పుప్పొడి దెబ్బతింటుందని ఆస్ట్రేలియాలో చూశారు. మన డెల్టాలో అంత చలి అరుదు. కాబట్టి ‘చలికి చచ్చింది’ అన్న మాట ఇక్కడ ఎవరైనా అంటే థర్మామీటరు అడగండి. వాన, వదలని మంచు, ఇవి మన దగ్గర నిజమైన ఇబ్బందులు. మంచుకు పరాగకోశం ఆలస్యంగా విచ్చుతుంది, ఈగలు కూడా ఎగరవు.

ఈగలు అన్నాను. మామిడికి ముఖ్యమైన స్నేహితులు తేనెటీగలకంటే ఈగలే. తైవాన్‌లో మామిడి రైతులు పూత కాలంలో ఈగలు రావాలని చేపల వ్యర్థాలు తోటలో పెడతారు. మన దగ్గర ఎండు చేపలకు కొరత లేదు, కానీ మీ పక్కింటివాళ్లతో మాట్లాడి పెట్టుకోండి! మనం చేసేది ఏమిటి? పూత విచ్చిన రోజున, పట్టపగలు, పురుగు మందు కొడతాం. తేనెమంచు పురుగు చస్తుంది, ఈగా చస్తుంది. పుప్పొడి బతికే ఉంటుంది, దాన్ని మోసేవాళ్లు ఉండరు. ఆ తరవాత పుప్పొడి చచ్చిందని ఇంకో మందు కొంటాం. కొన్ని తెగులు మందులు పుప్పొడి మొలకను కూడా తగ్గిస్తాయని ఆపిల్, బాదం లాంటి పంటల మీద పరీక్షల్లో తేలింది. మీ మందు సంగతి మీరే చూడవచ్చు. ఒక చుక్క మామూలు ద్రవంలో, ఒక చుక్క మందు కలిపిన ద్రవంలో, పక్కపక్కన. పిచికారీ చేసేదైతే మొగ్గ దశలోనే, పువ్వు విచ్చకముందే చేయండి.

బోరాన్ గురించి చీటీ వచ్చింది. ‘ద్రవంలో బోరాన్ వేస్తే మొలుస్తోంది కదా, చెట్టు మీద కొడితే కాయ నిలుస్తుందా?’ మంచి ప్రశ్న. చెట్టులో కీలం నుంచే నాళానికి బోరాన్ అందుతుంది. చెట్టుకు బోరాన్ లోపం ఉంటే కొట్టడం సబబే. లోపం లేకపోతే దండగ. పైగా బోరాన్‌కు చాలినంతకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. ఆకు పరీక్ష చేయించి కొట్టండి, సీసా మీది బొమ్మ చూసి కాదు.

ఇంకో చీటీ. ‘మైక్రోస్కోపు ఎక్కడ దొరుకుతుంది?’ మీ ఊరి జూనియర్ కాలేజీలో ఉంది, బీరువాలో, గుడ్డ కప్పి. ప్రిన్సిపాల్ గారిని అడగండి, ఇద్దరు పిల్లలను కూడా ఇస్తారు. రేణువులు చూడడం వరకైతే కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ కూడా చాలు. నాళాలు లెక్కపెట్టడానికి మాత్రం కాలేజీదే మేలు.

చివరి చీటీ. ‘పుప్పొడిని ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా? మా పాత జలాలు రకం మామిడి చెట్టు ముందు పూస్తుంది, బంగినపల్లి తరవాత పూస్తుంది, రెండూ కలపాలని ఉంది.’ చేయవచ్చు. తడి లేకుండా ఆరిన పరాగకోశాలను చిన్న కాగితం పొట్లంలో కట్టి, గాలి చొరని సీసాలో అడుగున సిలికా జెల్ వేసి, దాని మీద పెట్టండి. మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ చిన్న సంచులే, కాకపోతే ఒకసారి వేడిచేసి ఆరబెట్టినవి. ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయవద్దు, తీస్తే లోపల చెమ్మ పడుతుంది. వాడే ముందు రోజు కాస్త తీసి చుక్కలో వేసి చూడండి. దాచిన రోజున ఎంత మొలిచిందో రాసి ఉంచారు కదా, ఇప్పుడు దానిలో సగమైనా మొలిస్తే బ్రష్షు పట్టుకోండి. ఏమీ మొలవకపోతే చెట్టు ఎక్కకండి.